కుడి పక్క కుట్టు

ఘనికి బండి నంబర్లు గుర్తుండవు, బండి తెచ్చిన మనిషి పేరు అసలే గుర్తుండదు. ఏ బండికి ఏ గుడ్డ వేశాడో మాత్రం చచ్చినా మరిచిపోడు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద ముప్పై నాలుగేండ్లుగా నడుస్తున్న ఘని హుడ్ వర్క్స్‌కు ఆ మాత్రం గొప్ప ఉండాలి గదా. ట్రాక్టరు గొడుగులు, ఆటో టాపులు, లారీ సీట్లు, ఏది పడితే అది కుడతారక్కడ. జీపు టాపులకైతే పలమనేరు నుంచీ కుప్పం నుంచీ కూడా వెతుక్కుంటూ వస్తారు. ఆ రోజు పొద్దున దుకాణం ముందర ఒక పచ్చ జీపు ఆగితే, ఆయన కళ్లు నేరుగా దాని నెత్తి మీదికి పోయాయి. ఎండకు వెలిసి, ఒక మూల చినిగి, బెల్టు తెగి వేలాడుతున్న ఖాకీ రంగు హాఫ్ టాపు ఒకటి ఉంది అక్కడ.

హాఫ్ టాపంటే పూర్తి గుడారం కాదు. ముందు అద్దం చట్రం నుంచి సీట్ల వెనక అడ్డంగా ఉండే ఇనప కమ్మి దాకా, ముందు కూర్చున్న ఇద్దరికి నీడ పడేంత గుడ్డ, అంతే. వెనక కూర్చున్నవాళ్ల సంగతి దేవుడు చూసుకోవాలి. పక్కలకు ఏమీ ఉండదు కాబట్టి గాలి ఇటు వచ్చి అటు పోతుంది. చూసేవాళ్లకు ఇంత గుడ్డపేలికకు ఇంత హంగామా ఎందుకా అనిపిస్తుంది. కుట్టేవాళ్లను అడగాలి ఆ మాట. బండి అరవైలో పోతున్నా గుడ్డ లేవకూడదు, వాన కురిస్తే నడుమ నీళ్లు నిలవకూడదు, వేలితో కొడితే డప్పులాగా మోగాలి.

జీపు దిగినాయన ఉమాశంకర్. ఉండేది కుప్పంలో, శాంతిపురం దగ్గర గ్రానైటు క్వారీలో సూపర్‌వైజరు. బి.కొత్తకోటలో బంధువుల పెండ్లికని బయల్దేరాడు.

“ఘని భాయ్, నాలుగేండ్ల కింద నువ్వు కుట్టిందే ఇది. ఇంగ దీని పని అయిపోయింది. క్వారీలో ఎండకు మాడిపోతాండాం. కొత్తది కుట్టియ్యి. బండి ఈడే వదిలిపెట్టి బస్సులో పోతా, ఎల్లుండి మద్దేనానికి వొచ్చి తీసకపోతా” అన్నాడు.

“మరి పాతది?” అన్నాడు ఘని.

“అది నాకెందుకప్పా. పారెయ్యి. లేదంటే నువ్వే ఏమన్నా చేసుకో.”

ఘని తల ఊపాడు. ఆ టాపు కుట్టింది ఆయన కాదు, ఆయన భార్య జహీరా. ఆమె కుట్టిన జీపు టాపుల్లో అదే ఆఖరుది. ఆమె పోయి మూడేండ్లయింది.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. అదేదో రహస్యమని కాదు, ఈ పని చేసే ఇండ్లన్నిట్లోనూ జరిగేది అదే. మొగవాళ్లు దుకాణంలో నిలబడి కొలతలు తీస్తారు, బండికి బిగిస్తారు, మెప్పు పుచ్చుకుంటారు. కుట్టేది ఇంట్లో ఆడవాళ్లు. ఘని దుకాణం వెనక తలుపు తీస్తే ఇల్లు, ఇంట్లో కిటికీ పక్కన క్యాన్వాసు కుట్టే పెద్ద మిషను, మిషను ముందర జహీరా. బోర్డు మీద ఘని పేరుంది గాబట్టి కుట్టు కూడా ఘనిదే అనుకున్నారు జనం. ఆయన కాదనలేదు. “నీ చెయ్యి మంచిది భాయ్” అని ఎవరన్నా అంటే, ఆ చెయ్యిని ఒకసారి తిప్పి చూసుకొని మరీ నవ్వేవాడు. అంత నిజాయితీపరుడు.

ఆమె పోయినాక గాని ఆయనకు ఒకటి తెలిసిరాలేదు. ముప్పై ఏండ్లు నడుము వంచి కుట్టిన మనిషి కుట్టినది ఇంట్లో ఒక్కటీ లేదు. కుట్టిందల్లా ఎవరెవరి బండ్ల మీదనో ఎక్కి రోడ్ల వెంబడి పోయింది. కట్టుకున్న బట్టలు ఆచారం ప్రకారం లేనివాళ్లకు ఇచ్చేశారు. రెండు ఫోటోలూ ఒక కళ్లద్దాల డబ్బా మిగిలాయి. ఇప్పుడు ఈ టాపు, అడక్కుండానే, తనంతట తాను ఇంటికి వచ్చింది. ఇచ్చినాయన నువ్వే ఉంచుకో అని కూడా అన్నాడు. ఘనికి ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చి, ఏది ముందో తెలియక కాసేపు జీపు చుట్టూ ఊరికే తిరిగాడు.

తరవాత పనిలోకి దిగాడు. ముందు అద్దం చట్రానికున్న టిక్కు బటన్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. వెనక కమ్మికి బిగించిన బెల్టులు వదులు చేశాడు. టాపును పసిబిడ్డను దింపినట్టు దింపి, దుమ్ము దులిపి, కుట్టు చివర ఎలా ఉందో చూశాడు. జహీరా ఎక్కడ కుట్టు ఆపినా మూడుసార్లు వెనక్కి తిప్పి కుట్టేది. రెండు తిప్పులు చాలవా, దారం ఊరికే వస్తాందా అని ఆయన సణిగేవాడు. మూడు తిప్పులూ ఉన్నాయి. వేలితో తడిమి చూసుకొని, దాన్ని నీటుగా మడిచి, లోపల మంచం మీద ఆమె పడుకునే వైపు పెట్టి వచ్చాడు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పాత టాపు ఉన్న బండికి కొత్తది కుట్టాలంటే ఎవరూ టేపు పట్టరు. పాతదాని కుట్లన్నీ విప్పి, ముక్కలు చేసి, కొత్త గుడ్డ మీద పరిచి, దాని అంచు వెంబడే సుద్దగీత గీసి కత్తిరిస్తారు. నాలుగేండ్లు బండి మీద ఉన్న గుడ్డకు ఆ బండి వంకరలన్నీ తెలిసి ఉంటాయి. ఘనికి వాళ్ల నాయన నేర్పిన మొదటి పాఠం ఇదే. పాతది పక్కన పెట్టుకొని టేపు పట్టుకున్నవాణ్ణి ఆయన ఎన్నోసార్లు నలుగురిలో ఎగతాళి చేశాడు.

ఆ రోజు ఆయనే టేపు పట్టుకున్నాడు. విప్పితే ఇంకేం మిగులుతుంది, నాలుగు ఖాకీ గుడ్డముక్కలు. అట్లాంటివి దుకాణంలో మూటలకు మూటలున్నాయి. గుడ్డ కంపెనీది, బెల్టు బజారుది, కుట్టొక్కటే జహీరాది. ఏమైనా సరే ఆ కుట్టు మీద బ్లేడు పడకూడదు, దాన్ని ఉన్నది ఉన్నట్టు దాచుకోవాలి, ఇదీ ఆయన మొండిపట్టు.

ఆమె పోయినప్పటి నుంచి కుట్టుపని నీరుగట్టువారిపల్లెలో కృష్ణమ్మ అనే ఆమెకు ఇస్తున్నాడు. ఈ ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. తానే మిషను ముందర కూర్చున్నాడు. కూర్చొని ఎన్నేండ్లయిందో, కాలు ఒక దారిన పోతే చెయ్యి ఇంకో దారిన పోయింది. సూది రెండు విరిగాయి. క్యాన్వాసు బరువుకు కుడి భుజం లాగేసింది. గుడ్డంతా కుడిచేత్తో ఎత్తిపట్టుకొని సూది కిందికి తోస్తుండాలి, లేకపోతే కుట్టు పాములాగా మెలికలు పోతుంది. ఇంత కష్టముంటుందని మరిచేపోయాడు. తనకు కష్టమైతే తెలిసింది గాని, అప్పుడు కూడా ఆయన బుర్రకు ఇంకేమీ తట్టలేదు.

మరుసటి రోజు పదిగంటలకు కొత్త టాపు తీసుకుపోయి జీపుకు ఎక్కించాడు. ముందర అద్దం చట్రానికి బటన్లు నొక్కాడు. గుడ్డను వెనక్కి లాగి, కమ్మి మీదుగా చుట్టి, కిందికి తెచ్చి బెల్టులు బకిళ్లలో దూర్చాడు. ఎడమ పక్క చక్కగా బిగుసుకుంది. కుడి పక్క బెల్టు అందలేదు. బలంకొద్దీ లాగి బిగిస్తే గుడ్డ ఈ మూల నుంచి ఆ మూలకు ముడత పడింది. ఇంకొంచెం లాగితే ముందర బటను ఒకటి టప్పున ఊడి ఎగిరిపోయింది. టేపు తీసి మళ్లీ కొలిచాడు. రెండు పక్కలా అంగుళం తేడా లేదు. కొలత సరిగ్గా ఉంది, గుడ్డ సరిగ్గా ఉంది, రెండూ కలిస్తే మాత్రం సరిగ్గా లేదు.

పక్కనే పంచరు దుకాణం వెంకటముని. అంతసేపూ చూస్తూ కూర్చున్నవాడు లేచి వచ్చాడు.

“ఏం భాయ్, టాపు నీ మీద అలిగిందా, మూతి వంకర పెట్టుకోనుండాది.”

“కొలత సరిపోయిండాది వెంకటమునీ. యాల కుదర్లేదో తెలీడం లేదు.”

వెంకటముని వంగి కమ్మి కిందికి తల పెట్టి చూశాడు. “ఈడ సూడు. ఈ బండి ఎప్పుడో కుడి పక్కకు పడిండాది. కమ్మి పైన బాగనే ఉండాది, కింద మెలి తిరిగి వెనక్కి పోయిండాది. పైన టేపు పెడితే ఇది యాడ దొరుకుతాది నీకు? గుడ్డ సుట్టుకొని కిందికొచ్చే తలికి రెండు వేళ్లు తక్కువ పడతాది. అయినా పాత టాపు విప్పి సూసుకోలేదా? నీకు నేను సెప్పల్నా?”

ఘనికి తల తీసేసినట్టయింది. వెంకటముని మాటకు కాదు. నాలుగేండ్ల కిందట ఈ జీపుకు కొలత తీసింది తనే. అప్పుడు కూడా పైపైన టేపు పెట్టి, రెండు పక్కలా ఒకటే కొలత రాసి జహీరా చేతికిచ్చాడు. కానీ ఆ టాపు ఎక్కించిన మొదటిసారే కుదిరింది. అందరూ శభాష్ అన్నారు, తనూ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. మరి ఎలా కుదిరింది?

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తను నమాజుకు పోయినప్పుడు, రోడ్డు మీద జనం పలచబడ్డాక, ఆమె కొంగు నెత్తిన వేసుకొని బయటికి వచ్చి, కమ్మిని జానలతో కొలుచుకొని పోయి ఉంటుంది. కుడి పక్క రెండు వేళ్లు ఎక్కువ పెట్టి కుట్టి, ఏమీ ఎరగనట్టు ఇచ్చి ఉంటుంది. ఈ ఒక్క బండికేనా, ముప్పై ఏండ్లలో ఇంకెన్నింటికి అట్లా చేసిందో. చెప్పి ఉంటే ఒప్పుకునేవాడా? నాకే కొలతలు నేర్పుతావా అని ఎగిరిపడేవాడు. మొగుడి సంగతి తెలిసిన మనిషి గనక చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఉమాశంకర్ ఫోను చేశాడు. రేపు ఒంటిగంటకు వస్తాననీ, సాయంత్రంలోగా కుప్పం చేరాలనీ అన్నాడు. ఘని సరేనన్నాడు. ఇంక వేరే దారి లేదు.

కుడి పక్క ఒక్కటే విప్పుదాం, ఎడమ పక్కన్నా ఉండనీ, అనుకున్నాడు. అదీ ఒక ఓదార్పే. పాత టాపు తెచ్చి కిటికీ వెలుతురులో ఒళ్లో పరుచుకున్నాడు. బ్లేడు పట్టుకొని మొదటి పోగు కోసేటప్పుడు “మాఫ్ కరో జహీరా” అన్నాడు, పైకే అన్నాడు. ఆ మూడు తిప్పులు ఊడడానికి చాలాసేపు పట్టింది. దారం దండగ అనుకున్నదే ఇప్పుడు చేతికి లొంగలేదు. తరవాత కుట్టు ఒక్కొక్క పోగే తెగుతూ వచ్చింది. జానెడు విప్పాక మడత తెరుచుకుంది. లోపలి గుడ్డ ఎండ తగలక కొత్తదానిలాగే ఉంది. ఘని కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి తీసుకున్నాడు.

మామూలు నూలుగుడ్డలో కుట్టు విప్పి నాలుగుసార్లు రుద్దితే రంధ్రాలు పూడుకుపోతాయి. మైనం పట్టించిన క్యాన్వాసు అట్లా కాదు. సూది పడిన చోటు పడినట్టే ఉంటుంది, ఎన్నేండ్లయినా. ఆ మడతలో ఒక వరస రంధ్రాలుండాలి. మూడు వరసలున్నాయి.

మొదటి వరస కొత్తగా నేర్చుకునేవాళ్లది లాగా అటూ ఇటూ ఊగింది. రెండోది తిన్నగా మొదలై సగంలో ఆగిపోయింది. మూడోదే ఆయన ఇప్పుడు విప్పుతున్న కుట్టు. అంటే రెండుసార్లు కుట్టి విప్పేసింది. ముప్పై ఏండ్లలో జహీరా ఒక కుట్టు వేసి మళ్లీ విప్పడం ఆయన చూడలేదు. ఇంకా కిందికి పోతే, మూల దగ్గర గుడ్డ మందంగా ఉండి మిషను పట్టని చోట చేతికుట్టు ఉంది. అది చూడగానే బ్లేడు కింద పెట్టేశాడు. కుడిచేత్తో కుట్టినవాళ్ల కుట్టు ఒక పక్కకు వాలుతుంది, ఎడమచేత్తో కుట్టినవాళ్లది ఇంకో పక్కకు వాలుతుంది. ఈ కుట్లన్నీ ఎడమచేత్తో వేసినవి. జహీరాది ఎడమచేతి వాటం కాదు.

కుప్పం ఆసుపత్రిలో గది కళ్ల ముందుకొచ్చింది. ఆ ఏడు వినాయక చవితి అయిపోయిన మరుసటి వారం. గడ్డ కుడి రొమ్ములో ఉందని, చంకలోకి కూడా పాకిందని చెప్పి, డాక్టరమ్మ అడిగింది. “ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?”

“ఇరవై దినాలు” అంది జహీరా.

డాక్టరమ్మ కాగితాలకేసి చూసి, ఆమెకేసి చూసి, “ఇరవై రోజుల్లో ఇంత పెరగదమ్మా, బాగా గుర్తు తెచ్చుకోండి” అంది. జహీరా తల వంచుకుంది. ఘనికి అక్కడే కోపమొచ్చింది. మా ఇంట్లో ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు అని గట్టిగానే అన్నాడు. కొన్ని నెలల ముందొచ్చి ఉంటే దారి వేరేగా ఉండేది అని ఆసుపత్రివాళ్లు చెప్పిన ప్రతిసారీ ఆయన కోపం ఇంకా పెరిగింది. ఆమె పోయినాక కూడా మూడేండ్లుగా వాళ్లనే తిడుతున్నాడు. ఇరవై దినాలకే తీసుకుపోయినా బతికించలేకపోయారని కనబడినవాళ్లందరికీ చెప్పాడు.

ఈ టాపు కుట్టింది వినాయక చవితికి నాలుగు నెలల ముందర, నడి ఎండాకాలంలో. అప్పటికే ఆమె కుడిచెయ్యి లేవడం లేదు. ఆమె కుట్టు అబద్ధమాడలేదు, నోరే ఆడింది. ఘని ఆ మూడు వరసల మీద అరచెయ్యి పెట్టుకొని చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, లేచి, ముఖం కడుక్కొని, విప్పిన ముక్కను కొత్త గుడ్డ మీద పరిచి సుద్దగీత గీశాడు. బండి ఇస్తానని మాటిచ్చాడు గదా, ఏడుపుకు కూడా అంతకంటే తీరిక లేదు.

రాత్రంతా కూర్చొని కుట్టి, మరుసటి రోజు టాపు ఎక్కించాడు. కుడి బెల్టు తిన్నగా వచ్చి బకిలులో కూర్చుంది. ఒక్క ముడత లేదు. వేలితో కొడితే మోగింది. ఒంటిగంటకు వచ్చిన ఉమాశంకర్ చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు. ఘని దుకాణం తలుపులు వేసి, చేతిసంచీలో పాత టాపు పెట్టుకొని వచ్చాడు.

“పుంగనూరు మీద కదా పోతావు. నన్ను ఆడ దింపుతావా? కూతురింటికి పోవల్ల.”

“ఎక్కు భాయ్. నువ్వు కుట్టిన నీడలో నువ్వే కూర్చోకపోతే ఎట్ల.”

టమోటా క్రేట్ల లారీలను దాటుకుంటూ పోయింది జీపు. వెనక సీట్ల మీద ఎండ భగభగమంటోంది. ముందర నీడ చల్లగా ఉంది. ఉమాశంకర్ ఒకచెయ్యి పైకెత్తి గుడ్డ తట్టి చూశాడు.

“ఇంత గాలికి కొంచెం కూడా లేవడం లేదు సూడు. నీ చెయ్యి మంచిది భాయ్.”

“పాత టాపు నేను కుట్టలేదప్పా” అన్నాడు ఘని. “నా భార్య కుట్టింది. అన్నీ ఆమే కుట్టేది.”

ఇంతకాలంలో ఆ మాట బయట ఒకరితో అనడం అదే మొదలు. ఆకాశమేమీ ఊడి మీద పడలేదు.

“అట్లనా” అన్నాడు ఉమాశంకర్, ముందరి బస్సుకు హారను కొడుతూ. “అయితే ఆయమ్మకు నా నమస్కారం సెప్పు. నాలుగేండ్లు క్వారీ గాలికి ఒక్క కుట్టు ఊడలేదు.”

“చెప్తా” అన్నాడు ఘని.

పుంగనూరులో కూతురు నిలోఫర్ ఇంటి దగ్గర దిగేసరికి రెండు దాటింది. పాత టాపు కుట్టిన రోజుల్లో ఇంట్లో తల్లి దగ్గర ఉన్నది ఆమే. అల్లుడు రిజ్వాన్ చెప్పుల దుకాణానికి పోయాడు, బిడ్డ నిద్రపోతోంది. నిలోఫర్ నేల మీద కూర్చొని జాకెట్టు ముక్కలు కత్తిరిస్తోంది. తండ్రి చెప్పకుండా రావడం చూసి లేవబోయింది. ఘని ఆమె ముందర కూర్చొని, సంచీలోంచి టాపు తీసి, విప్పిన మడతను తెరిచి పెట్టాడు. ఆమె కత్తెర కింద పెట్టింది. ఇది ఎక్కడిది అనలేదు, ఏమిటి అనలేదు.

“నీకు తెలుసు” అన్నాడు ఘని.

“తెలుసు అబ్బా.”

“ఎప్పటి నుంచి ఉండింది?”

“శివరాత్రి అప్పటి నుంచే. నేను కాన్పుకు మనింటికి వచ్చినాక నా కంట్లో పడింది. చెయ్యి భుజం దాకా లేచేది కాదు. ఈ గుడ్డ మొదట అమ్మీనే కుట్టింది, వంకరపోతే విప్పేసింది. నేను కుడతా ఇయ్యమ్మీ అని లాక్కొని ఈ సగం కుట్టినా.” రెండో వరస మీద వేలు పెట్టింది నిలోఫర్. “ఎనిమిదో నెల కడుపుతో ఇంత బరువు తోయొద్దని నన్ను లేపేసి, అదీ విప్పేసింది. ఆ మీదట రెండు చేతులూ మార్చుకుంటా తానే కుట్టింది.”

“నాకు యాల చెప్పలేదే? ఒక్క మాట చెప్పింటే అప్పుడే తీసుకపోయేవాణ్ణి గదా.”

“కడుపులో బిడ్డ మీద ఒట్టేయించుకునింది. ఎండాకాలం పని అయిపోనీ, మీ అబ్బ అందరికీ మాటిచ్చుకోనుండాడు, ఇప్పుడు చెప్తే అన్నీ వదిలేసి నా ఎంబడి తిరుగుతాడు అనింది. పని అయిపోయింది. అంతలో నాకు కాన్పయింది. నీ నలభై దినాలు అయిపోనీ అనింది. నలభై దినాలూ ఆ చేత్తోనే నాకు నీళ్లు పోసింది అబ్బా.”

నిలోఫర్ ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం లేకుండా, నిద్రపోతున్న బిడ్డ లేవకుండా ఏడ్చింది. మూడేండ్లుగా ఆమె ఇట్లాగే ఏడుస్తోందని ఘనికి తెలిసింది. కూతుర్ని దగ్గరికి తీసుకోవాలి. తీసుకోలేదు. ఆయనకు ఇంకా కోపం పోలేదు, ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి.

“ఒట్టేస్తే మాత్రం? ప్రాణం కంటే ఎక్కువనా ఒట్టు? ఇద్దరూ కలిసి నా దగ్గర దాచిపెట్టినారు. మీ అమ్మీ నాతో అబద్ధమాడింది.”

నిలోఫర్ తల ఎత్తింది. కండ్లు తుడుచుకుంది.

“డాక్టరుతో ఆడింది అబ్బా. నీతో ఆడలేదు. నువ్వు అడగలేదు.”

“అడిగేదేంది?”

“చెప్పకపోతే ఎట్లమ్మీ అని నేనూ కొట్లాడినా. అప్పుడనింది. నేనుగా నోరు తెరిచి చెప్పను, మీ అబ్బ ఒక్క తూరి, చెయ్యికి ఏమయింది జహీరా అని అడిగితే ఆ నిమిషమే అంతా చెప్పేస్తా, ఆయన అడిగితే నేను దాచలేను, అనింది. నేను అదే పట్టుకోనుంటి. నువ్వు తలుపు తీసుకొని లోపలికి వచ్చినప్పుడల్లా, ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని చూస్తా ఉంటి. ఈ టాపు కుట్టిన నాలుగు దినాలూ.”

ఘనికి ఆ నాలుగు రోజులు బాగా గుర్తున్నాయి. ఒక్కరోజులో అయ్యే పని నాలుగు రోజులు పట్టింది. టాపు కోసం ఊళ్లో బంధువులింట్లో దిగిన ఉమాశంకర్ రోజూ దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. రోజుకు నాలుగైదుసార్లు ఘని వెనక తలుపు తీసి లోపలికి తల పెట్టాడు. పెట్టినప్పుడల్లా జహీరా మిషను ఆపింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకొని, తల ఎత్తి, ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఏం అడుగుతాడా అని కళ్లు ఆర్పకుండా చూసింది. ఆయన అడిగాడు కూడా. నాలుగు రోజులూ, తలుపు తీసిన ప్రతిసారీ అడిగాడు.

“టాపు అయిందా?” అని.